తాగడమా, కాల్చడమా

మా ఊళ్లో సిగరెట్ కాల్చేవాళ్లం. హైదరాబాద్ వచ్చాక తాగడం మొదలుపెట్టాను. సిగరెట్ అదే, పొగ అదే, నోరూ నాదే, మాటొక్కటే మారింది. విశాఖ దాటి అవతల, మావైపు, చుట్టయినా బీడీ అయినా కాల్చాల్సిందే. ఇక్కడి ఉర్దూ గాలికి పొగ కూడా నీళ్లలాగా గొంతులోకి దిగుతుంది. "సిగరెట్ తాగుతరా అన్నా" అని మొదటిసారి అడిగినవాణ్ణి కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను, స్ట్రా కూడా ఇస్తాడేమోనని. ముప్పై ఏళ్లలో ఆ మాట ఎంత అలవాటైందంటే, కాల్చడం అనేదాన్ని మొక్కజొన్న పొత్తులకీ శవాలకీ వదిలేశాను.

తమాషా ఏమిటంటే నేను బతుకుతున్నదే ఈ తేడా చెప్పి. అమీర్‌పేటలో ఓ నాలుగంతస్తుల బిల్డింగులో, మూడో అంతస్తులో, స్పోకెన్ ఇంగ్లీషు పాఠాలు చెబుతాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లేచి నిలబడి, "మై ఫాదర్ ఈజ్ డ్రింకింగ్ సిగరెట్స్" అంటారు. "మీ నాన్న తెలుగులో ఎన్నయినా తాగొచ్చు బాబూ, ఇంగ్లీషులో కుదరదు" అని ఇరవై ఏళ్లుగా దిద్దుతున్నాను. ఇంగ్లీషువాడికి గ్లాసు వేరు, పొగ వేరు. మన భాషకి పాలు తాగే పసిపిల్లా, మందు తాగే మగాడూ, సిగరెట్ తాగే నేనూ ఒకటే. ఆ సమదృష్టే చివరికి నా కొంప ముంచింది. అక్కడికే వస్తున్నాను.

ముందు నా గురించి ఒక సంగతి చెప్పాలి. నేను అబద్ధాలాడతానని మా ఆవిడ అంటుంది. నేనొప్పుకోను. జరిగినదాన్ని జరగాల్సిన పద్ధతిలో చెబుతాను, అంతే. పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్న పెళ్లివారు ముహూర్తం దాటిపోతోందని బస్సులోనే తాళి కట్టించేశారనీ, పచ్చలైటు వెలిగేసరికి పెళ్లికూతురికి ఏడోనెల వచ్చిందనీ నేను చెబితే, అందులో ట్రాఫిక్ మాత్రం నిజమా కాదా? అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద బోర్డులు కొట్టీ కొట్టీ, ఒకచోట లోపలి బిల్డింగు ఎప్పుడో పడిపోయినా బోర్డులే నిలబడి ఉన్నాయనీ, జనం ఇంకా వాటిలోకే వెళ్లి కోర్సులు నేర్చుకుని వస్తున్నారనీ చెబితే, నమ్మినవాళ్లు ఇద్దరున్నారు. అందులో ఒకరు అక్కడే చదివారట.

మా ఇంట్లో "నాన్న చెప్పాడు" అనే మాటకి ప్రత్యేకమైన అర్థం ఉంది. వాన వస్తుందని నాన్న చెప్పాడంటే గొడుగు అక్కర్లేదని. గ్యాస్ బుక్ చేశానని నాన్న చెప్పాడంటే ఇంకా చేయలేదని. ఇవన్నీ తెలిసీ నా కథల్ని నోరు తెరుచుకుని విన్నది ఒక్క మా అమ్మాయే. నేను ఎక్కడ ఊపిరి పీల్చుకోవడానికి ఆగినా, "తర్వాత?" అనేది. కథలు చెప్పేవాడికి ఆ మాటకి మించిన జీతం లేదు.

దానికి అన్నిటికంటే ఇష్టమైన కథ మా నాయనమ్మ అడ్డపొగ. అడ్డపొగ అంటే, చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోటి లోపలికి పెట్టుకుని పీల్చడం. మావైపు ఆడవాళ్లు కొందరు అలాగే కాల్చేవారు. మా నాయనమ్మ నోట్లో నిప్పు పెట్టుకునే నీళ్లు తోడేది, చేపలు కోసేది, మా తాతని తిట్టేది. నేను చెప్పే కథలన్నిటిలోనూ ఇదొక్కటే అక్షరాలా నిజం. ఇదొక్కటే ఎవరూ నమ్మరు. "తర్వాత?" అని అమ్మాయి అడిగినప్పుడల్లా, ఆవిడ తిట్టినప్పుడు రవ్వలు ఎగిరి మా తాత మీసం ఎలా అంటుకుందో చెప్పి గాల్లోకి తీసుకుపోయేవాణ్ణి. అసలు తర్వాత ఏం జరిగిందో ఏనాడూ చెప్పలేదు.

ఇక నా సిగరెట్ సంగతి. ఒకరోజు పంజాగుట్ట మెట్రో స్టేషన్లో ఎస్కలేటర్ ఆగిపోయింది. మెట్లెక్కి పైకి చేరేసరికి ఈల వేస్తున్నట్టు నా ఛాతీలోంచి ఒక శబ్దం. వెనకున్న ముసలాయన పక్కకి జరిగి దారిచ్చాడు, ఏదో బండి వస్తోందనుకుని. మా ఆవిడ నన్ను లాక్కెళ్లి ఊపిరితిత్తుల డాక్టరుగారి ముందు కూర్చోబెట్టింది. ఆయన నోట్లో గొట్టం పెట్టి గట్టిగా ఊదమన్నారు. ఊదాను.

"మొదలుపెట్టండి" అన్నారాయన.

"అయిపోయిందండీ" అన్నాను.

ఆయన మిషన్లోంచి వచ్చిన కాగితం చూసి, నా వయసెంతని అడిగారు. యాభై రెండన్నాను. "మీ ఊపిరితిత్తులు మీకంటే చాలా పెద్దవాళ్లు. వాటిని గారూ అని పిలవాలి మీరు" అన్నారు. తర్వాత నవ్వడం మానేసి చెప్పారు. పోయింది తిరిగి రాదు, మానేస్తే ఉన్నది మిగులుతుంది, మానకపోతే కొన్నాళ్లకి స్నానం చేసి తల తుడుచుకోవడానికి కూడా మధ్యలో కూర్చోవాల్సి వస్తుంది.

ఆ మధ్యాహ్నమే ఇంట్లో ప్రకటించేశాను, ఈ క్షణం నుంచి సిగరెట్ బంద్ అని. మా అమ్మాయి అప్పుడే కాలేజీలో చేరింది. వచ్చి నా జేబులోంచి పెట్టె తీసి, తనే చెత్తబుట్టలో వేసి, నా చెయ్యి పట్టుకుని, "ఇది మాత్రం కథ కాదు కదా నాన్నా" అంది. కాదన్నాను. ఆ మాట అన్నప్పుడు నా రెండో జేబులో ఇంకో పెట్టె ఉంది.

రెండు నెలలు ఆ రెండో జేబు మీద బండి నడిచింది. బట్టలకి వాసనేమిటని మా ఆవిడ అడిగితే, సెంటర్లో పొగ వేయడానికి లోబాన్ ఆయన వస్తున్నాడని చెప్పాను. గురువారం గురువారం షాపులన్నిటికీ సాంబ్రాణి పొగ పట్టుకుని తిరుగుతుంటాడొకాయన, నిజంగానే.

"గురువారం వస్తాడు సరే. మీరు సోమవారం కూడా కంపు కొడుతున్నారేంటండీ" అంది.

"మా సెంటర్‌కి నజర్ ఎక్కువ, రోజూ దిష్టి తీయాలి" అన్నాను.

తాగడం మాత్రం సెంటర్ మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన. అక్కడికి ఎవరూ రారు. ఎదురుగా నాలుగు బారల దూరంలో మెట్రో లైను, సరిగ్గా మా మేడ ఎత్తులోనే. కొన్ని నిమిషాలకోసారి రైలు పోతూ ఉంటుంది. రైల్లో జనం నిండుగా ఉన్నా నాకు ఫికరుండేది కాదు, ఎందుకంటే వాళ్లందరి తలలూ ఫోన్లలో ఉంటాయి. అంతమంది మధ్యలో నిలబడి సిగరెట్ తాగుతుంటే అడవిలో ఒంటరిగా ఉన్నంత హాయిగా ఉండేది. నేను లెక్కలోకి తీసుకోనిది ఒకటే. ఆ లైను మీదే మా అమ్మాయి కాలేజీకి వెళుతుంది. ఒకరోజు దాని ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. చేసేది లేక కిటికీలోంచి బయటికి చూసింది.

ఆ రోజు అన్నాల దగ్గర అడిగింది. "నాన్నా, ఇవాళ పదింటికి ఎక్కడున్నావు?"

"క్లాసులో."

"మరి మేడ మీద నీ నీలం చొక్కా వేసుకుని పొగ వదులుతున్నది ఎవరు?"

నా నోరు నన్నడక్కుండానే పని మొదలుపెట్టింది. నీళ్ల ట్యాంకులో కోతి పడిందన్నాను. బయటికి రాకుండా లోపలే ఈత కొడుతోందన్నాను. దాన్ని రప్పించడానికి పొగపెట్టాల్సి వచ్చిందనీ, అమీర్‌పేటలో ఇంకెవరికీ ఆ విద్య రాదనీ చెప్పాను.

"కోతికి పొగ నోటితో పెడతారా?" అంది మా ఆవిడ.

నేను అమ్మాయి వైపు చూశాను. కోతిని ట్యాంకులోంచి తీశాక ఏం చేశానో నా దగ్గర సిద్ధంగా ఉంది. కోతి సెంటర్లో చేరి రెండు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకునే దాకా ఆలోచించి పెట్టుకున్నాను.

"సరే నాన్నా" అని అది చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

"తర్వాత?" అనలేదు. మర్నాడూ అనలేదు. డ్రైవర్ లేని ఆటో గురించి చెబితే, "సరే". బల్కంపేట వైపు పోతుంటే నన్ను పలకరించిన ఎద్దు గురించి చెబితే, "సరే నాన్నా". కోపం లేదు, అరుపు లేదు. బస్సులో టికెట్ కొట్టే కండక్టర్ కూడా ప్రయాణికుడి మాట అంతకన్నా శ్రద్ధగా వింటాడు. డాక్టరుగారి కాగితానికి భయపడని నేను ఆ రెండక్షరాలకి భయపడ్డాను. దానితో వాదించి గెలవలేను, బతిమాలి నమ్మించలేను. ఒకటే దారి మిగిలింది. నిజంగానే మానేసి, ఆ మాట చెప్పి, అది నమ్మేట్టు చేసుకోవాలి.

నిజంగా మానడం ఎలా ఉంటుందో అంతవరకూ నాకు తెలీదు. మొదటి వారం నా వేళ్లకి ఏం చేయాలో పాలుపోక క్లాసులో మార్కర్ పట్టుకుని తిరిగేవాణ్ణి. ఒకరోజు గ్రామర్ చెబుతూ చెబుతూ ఆగాను. ముందు బెంచీలో కరీంనగర్ కుర్రాడు మెల్లగా చెయ్యెత్తాడు.

"సార్, మీరు మార్కర్ తాగుతుండ్రు."

చూసుకుంటే మూత తీసిన కొస పెదాల మధ్య ఉంది, కళ్లు మూసుకుని ఒక దమ్ము లాగి పైకప్పు వైపు వదులుతున్నాను. మూతి నల్లగా అయింది. "ఇన్ ఇంగ్లీష్" అన్నాను. "సార్ ఈజ్ స్మోకింగ్ ఎ మార్కర్" అన్నాడు. వాక్యంలో తప్పులేదు. కూర్చోమన్నాను.

సోంపు నమిలాను, లవంగాలు నమిలాను, ఎండు ఉసిరి ముక్కలు నమిలాను. నోరు పచారీ కొట్టయింది. రాత్రి దగ్గు తగ్గుతుందనుకుంటే పెరిగింది. ఇన్నేళ్లూ లోపల పేరుకున్నదంతా ఖాళీ చేసి వెళుతున్న అద్దెవాళ్లలా నానా చప్పుడు చేసింది. ఒకరోజు ఇంట్లో చారు వాసన వేస్తే, ఇదేదో కొత్త చారనుకున్నాను. "పాతికేళ్లుగా ఇదే పెడుతున్నాను" అంది మా ఆవిడ.

అన్నిటికంటే కష్టం పాన్ డబ్బా భాయ్‌తో వచ్చింది. సెంటర్ మెట్ల కిందే ఆయన డబ్బా. పది రోజులు అటు చూడకుండా తప్పించుకు తిరిగాను. పదకొండో రోజు పట్టుకున్నాడు.

"ఏం సార్, మస్తు రోజులైంది. జర ఇటు సుత చూడుండ్రి."

"మానేశాను భాయ్."

"నాతోని గట్ల మాట్లాడకుండ్రి. నిజం చెప్పుండ్రి, ఎవరి దగ్గర తీసుకుంటున్నరు?"

"ఎవరి దగ్గరా లేదు. నిజంగా మానేశాను."

"గా మూలమీద కొత్త డబ్బా పెట్టిండు, ఆయన దగ్గర్నా?" అని ఆయన నా కళ్లలోకి చూశాడు. ఇంట్లో ఆవిడని మోసం చేసినప్పుడు కూడా నేనంత తలవంచుకోలేదు. "పోనీ సార్. మీ ఖుషీ. కానీ ఏం తక్కువ జేసిన్నో చెప్పి పోవాల్సింది" అన్నాడు. ఆ రోజు నుంచి నేను కనిపిస్తే మొహం అటు తిప్పుకుంటాడు.

అంటే నిజం చెప్పిన మొదటిచోటే ఎవరూ నమ్మలేదు. ఇంట్లో చెప్పడానికి ధైర్యం చాల్లేదు. రోజులు కాస్త పోగుపడనిచ్చి, పదిమంది ఎదుట చెబితే బరువుంటుందనుకున్నాను.

ఆ పదిమంది ఆదివారం సాయంత్రం మా ఇంటికే వచ్చారు. మాది తరాల నాటి క్రైస్తవ కుటుంబం. నెలకోసారి చర్చివాళ్లు ఒక్కో ఇంట్లో కూడిక పెట్టుకుంటారు. పాటలు, ప్రార్థన, ఆ తర్వాత సాక్ష్యాలు. సాక్ష్యమంటే లేచి నిలబడి, దేవుడు నా జీవితంలో ఈ మేలు చేశాడని చెప్పడం. నేను మామూలుగా ఆ సమయానికి సమోసాలు వచ్చాయేమో చూడ్డానికి వంటింట్లోకి వెళ్లిపోతాను. ఆ రోజు వెళ్లలేదు. అద్దె ప్లాస్టిక్ కుర్చీల్లో అందరూ కూర్చున్నారు. మా అత్తగారు ఊరినుంచి వచ్చి ఉన్నారు, ముందు వరసలో. అమ్మాయి మూల కీబోర్డు దగ్గర ఉంది. పాస్టరుగారు, "ఇంకెవరైనా?" అన్నారు. లేచాను.

"నేను తాగడం మానేశానండి" అన్నాను. "నలభై రోజులైంది."

ఇరవై ఏళ్లుగా ఊరందరి నోటా దిద్దిన తప్పు, నా నోట్లోంచి హాయిగా నడుచుకుంటూ బయటికి వెళ్లింది.

గదిలో అందరూ మావైపువాళ్లే, కాల్చడం వాళ్లకి కాల్చడమే, తాగడమంటే తాగడమే. మా అత్తగారి చేతిలో పాటల పుస్తకం జారి కిందపడింది. తర్వాత వెనక వరసలోంచి ఎవరో "స్తోత్రం" అన్నారు. ఇంకొకరన్నారు. పాస్టరుగారు రెండంగల్లో వచ్చి నన్ను కౌగలించుకుని, నా భుజం మీద ఏడ్చేశారు.

"అది కాదండీ, నేను చెప్పేది..." అన్నాను. ఆయన భుజంలోకి అన్నాను కాబట్టి ఎవరికీ వినపడలేదు.

"ఎప్పుడు తాగారండీ మీరు?" అని మా ఆవిడ పళ్ల మధ్యనుంచి అడిగింది.

ఇక చూడండి. నేను తాగుబోతునని ప్రతివాళ్లకీ ముందునుంచే తెలుసు. "పంజాగుట్ట చౌరస్తాలో తూలుతూ నడవడం నా కళ్లతో చూశాను బ్రదర్. ఎవరికీ చెప్పలేదు. ప్రార్థన చేశాను" అన్నారు సంఘపెద్ద ఒకాయన. నేనక్కడ గుంతలో కాలుపడి తూలాను. మా అత్తగారు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "మీ కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటే నిద్రలేక అనుకున్నాను అల్లుడుగారూ. పిచ్చిదాన్ని. పోన్లెండి, బయటపడ్డారు" అన్నారు. ముప్పై ఏళ్లుగా నేనెంత కష్టపడి అల్లినా కుదరని కథ, నేను వేలు కూడా పెట్టకుండా, పదిమంది కలిసి క్షణాల్లో నేసేశారు. అన్ని ముళ్లూ గట్టిగా పడ్డాయి.

సంఘపెద్ద నా చెయ్యి పట్టుకున్నారు. "వచ్చే ఆదివారం బేగంపేటలో పెద్ద కూడికుంది. మీ సాక్ష్యం అక్కడ చెప్పాలి. మైకు పెట్టిస్తాను. గంటసేపు చెప్పండి."

గంటసేపు. మైకు. నమ్మడానికి సిద్ధంగా కూర్చున్న వందలమంది. నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు సిగరెట్ కోసం కూడా అంతగా నోరూరలేదు. పంజాగుట్ట శ్మశానం గోడ, వాన, పక్కన కుక్క, నా చేతిలో సగం సీసా, ఎక్కడినుంచో పేరుపెట్టి పిలిచిన గొంతు, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. "ఒకరోజు, పంజాగుట్ట శ్మశానం పక్కనుంచి వస్తున్నానండీ" అన్నాను. అందరూ ముందుకి వంగారు.

అమ్మాయి కీబోర్డు మీద ఒక వేలు పెట్టి ఉంది. నొక్కడం లేదు. నా వైపే చూస్తోంది. దాని పెదాలు నన్ను భయపెట్టే ఆ రెండక్షరాల కోసం అప్పుడే సర్దుకుంటున్నాయి.

"సిగరెట్టండీ" అన్నాను.

"అంటే, బ్రదర్?" అన్నారు పాస్టరుగారు.

"నేను మానేసింది సిగరెట్. ఇంగ్లీషులో అయితే స్మోకింగ్. మందు నేనెప్పుడూ ముట్టలేదండీ. ద్రాక్షరసం కూడా చర్చిలో ప్రభువు బల్ల దగ్గర మీరిచ్చేదొక్కటే." ఎలాగూ పరువు పోయింది కదా అని మిగిలింది కూడా చెప్పేశాను. "ఇంకోటి. నలభై రోజులు కూడా కాదు. మధ్యలో ఒకటి తాగాను. అక్కణ్ణుంచి లెక్కేస్తే పంతొమ్మిది."

ఇంటికొచ్చిన మంచి పెళ్లిసంబంధం తప్పిపోయినట్టుగా అయింది అందరికీ. సంఘపెద్ద నా చెయ్యి వదిలేశారు. "సిగరెట్టేనా" అని మా అత్తగారు నీరసంగా కుర్చీలో వెనక్కి వాలారు. పాస్టరుగారు మర్యాదకి, "అదీ మేలే" అని, మానడానికి కారణమేమిటని అడిగారు, కనీసం అక్కడైనా కలో దర్శనమో ఉంటుందని ఆశపడి.

"మెట్రో రైల్లోంచి మా అమ్మాయి చూసిందండీ" అన్నాను.

సమోసాలు వచ్చాయి. ఆ సాయంత్రం నాకెవరూ రెండోది వేయలేదు.

అందరూ వెళ్లాక కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెడుతున్నాను. అమ్మాయి కీబోర్డు వైరు చుట్టుకుంటూ వచ్చింది.

"ఆ మధ్యలో ఒకటి ఎక్కడ తాగావు?"

"మేడ మీద. ట్యాంకు వెనక."

"కోతి ఉందా?"

"లేదు. కోతి ఎప్పుడూ లేదు."

ఇంకో రెండు కుర్చీలు పేర్చాను. అడగకుండానే చెప్పాను. "సగం తాగేసరికి రైలొచ్చింది. నీకారోజు సెలవు, ఇంట్లోనే ఉన్నావు. అయినా ట్యాంకు వెనక్కి వంగి కూర్చున్నాను. అక్కడ వంగి కూర్చుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది."

"తర్వాత?" అంది.

చేతిలో కుర్చీ అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆ మాట విని ఎన్నాళ్లయిందో. మీసం అంటుకున్న తాత నాలుక చివరిదాకా వచ్చాడు. పంపించేశాను.

"తర్వాత ఆవిడకి అంగిట్లో పుండు లేచింది. నిప్పు తగిలేచోటే. మొదట్లో ఎవరికీ చెప్పలేదు. తర్వాత అన్నం మింగలేకపోయింది. గంజి. ఆ తర్వాత గంజి కూడా లేదు. మాట పోయింది. తాతని తిట్టాలనుకుంటే చేత్తో తిట్టేది. నాకప్పుడు నీ వయసు. చివరి నెల్లో ఆవిడ పక్కనే కూర్చునేవాణ్ణి. ఆవిడ చుట్టల పెట్టెలోంచి ఒకటి తీసి, పెరట్లోకి వెళ్లి, నేను మొదటిసారి కాల్చింది ఆ నెల్లోనే."

అది నేను దించిన కుర్చీలో కూర్చుంది. "సరే" అని మాత్రం అనలేదు.

మర్నాడు పొద్దున్న సోంపు నములుతూ బయటికి వస్తే, హాల్లో మా అత్తగారు ఫోన్లో ఉన్నారు, ఊళ్లో వాళ్ల అక్కగారితో. నిన్న జరిగింది ఆవిడకి నచ్చలేదు కాబట్టి బాగుచేసి చెబుతున్నారు. "మామూలు తాగుడు కాదే. శ్మశానాల పక్కన పడుండేవాడట. మా పిల్ల ఎన్ని కష్టాలు పడిందో మనకేం తెలుసు" అంటున్నారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నిజానికి బాగానే చెబుతున్నారు. కుక్కని పెడితే ఇంకా బాగుండేది.

కాలేజీకి బయల్దేరుతున్న అమ్మాయి బ్యాగు భుజాన వేసుకుని, వంగి అమ్మమ్మ చేతిలోంచి ఫోను తీసుకుంది.

"పెద్దమ్మమ్మా, నేను. మందు కాదు, సిగరెట్. పంతొమ్మిది రోజులైంది, ఇవాల్టితో ఇరవై. అవును, నిజమే." అవతల ఆవిడ ఏదో అడిగినట్టున్నారు. ఇది చెప్పు తొడుక్కుంటూ, నా వైపు చూడకుండానే జవాబిచ్చింది.

"నాన్నే చెప్పాడు."